తలుపు కోసే ముందు
(మన సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల గురించీ, మందుల బిల్లుల గురించీ మాట్లాడవలసిన పెద్దలు మాట్లాడారు. నన్ను మాత్రం కార్యదర్శిగారు "మీ కారు కథ చెప్పండి, అది కూడా మనవాళ్ళకు పనికొచ్చేదే" అని పట్టుబట్టారు. మనలో చాలామంది ఇళ్ళ ముందు గుడ్డ కప్పుకుని ఒక పాత అంబాసిడరో, ఫియట్టో ఉంది. మనవలు పెద్దవాళ్ళయ్యారు. వాళ్ళ కళ్ళు ఆ గుడ్డ మీద పడుతున్నాయి. అందుకని చెబుతున్నాను.

నేను ఆర్టీసీలో బస్సు బాడీలు కట్టే షాపులో 36 ఏళ్ళు పనిచేశాను. కంపెనీ నుంచి చాసిస్ వచ్చేది. ఇంజను, చక్రాలు, స్టీరింగు, డ్రైవరు కూర్చోవడానికి ఒక పెట్టె, అంతే. తలకు తువ్వాలు చుట్టుకున్న డ్రైవరు ఎండలో, వానలో దాన్ని నడుపుకుంటూ తెచ్చి మాకు అప్పగించేవాడు. ఆ అస్థిపంజరం మీద స్తంభాలు నిలిపి, పైకప్పు వేసి, రేకు బిగించి మేము దాన్ని బస్సు చేసేవాళ్ళం. ఇది మనం కనిపెట్టిన పద్ధతి కాదు. చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాం ప్రభువుల పసుపుపచ్చ రోల్స్‌రాయిస్ చూసే ఉంటారు. 1912 నాటిది. చాసిస్ రోల్స్‌రాయిస్ కంపెనీది, పైన బాడీ కట్టింది లండన్‌లోని బార్కర్ కంపెనీ. ఆ రోజుల్లో తలుపులు ఎన్ని ఉండాలో కొనేవాడు చెప్పేవాడు, కట్టేవాడు కట్టేవాడు.

ఇక నా కారు. స్టాండర్డ్ హెరాల్డ్, మార్క్ త్రీ. 1970లో రిజిస్టరైంది. నేను 1983లో సెకండ్ హ్యాండులో కొన్నాను. మా పెద్దమ్మాయి పెళ్ళికొడుకును విడిదికి తెచ్చింది ఆ కారే. మా నాన్నగారిని చివరిసారి ఆసుపత్రికి తీసుకువెళ్ళింది కూడా ఆ కారే. నాలుగు తలుపుల కారు.

మా మనవడు ఇంజనీరింగు చదివాడు. ఒకరోజు ఒక ఫొటో తెచ్చి నా ముందు పెట్టాడు. ఇంగ్లండులోని ట్రయంఫ్ హెరాల్డ్. రెండే తలుపులు, పొడుగ్గా, అందంగా ఉంది. "తాతయ్యా, మన కారు అసలు రెండు తలుపులదే. ఇక్కడివాళ్ళు పాడుచేశారు. మళ్ళీ రెండు తలుపులది చేయిద్దాం" అన్నాడు.

వాడు చెప్పినదాంట్లో సగం నిజం. హెరాల్డ్ 1959లో ఇంగ్లండులో విడుదలైంది. రూపం గీసినవాడు మిచెలొట్టి అనే ఇటలీ దేశస్థుడు. అక్కడ సెలూన్ చేసినా, పైకప్పు మడిచే కారు చేసినా, ప్రయాణికులకు రెండే తలుపులు. మద్రాసులోని స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ వారు 1961 నుంచి అదే కారును ఇక్కడ తయారుచేశారు. మొదట అదీ రెండు తలుపులదే. 1960లు ముగిసేలోపు వాళ్ళే దాన్ని నాలుగు తలుపులది చేశారు. కారణం ఊహించడం కష్టం కాదు. పోటీకి నిలిచిన అంబాసిడర్‌కు, ఫియట్‌కు నాలుగేసి తలుపులు. మన దగ్గర కారు కొన్న పెద్దమనిషి వెనక సీట్లో కూర్చుంటాడు. చీర కట్టుకున్న అమ్మ, చేతికర్ర పట్టుకున్న అమ్మమ్మ, ఒళ్ళో పిల్లవాడు, అందరూ వెనకే. ముందు సీటు వంచి దూరి వెళ్ళమంటే ఎవరు కొంటారు?

అయినా మనవడి ముచ్చట కాదనలేక, మేడ్చల్‌లో నాకు తెలిసిన ఒక మేస్త్రి షెడ్డుకు కారు తీసుకువెళ్ళాను. చుట్టూ తిరిగి చూశాడు. తలుపు మీద వేలితో కొట్టి చప్పుడు విన్నాడు. "సార్, కోసుడు ఒక్క పూట పని. మల్ల అతుకుడే ఆర్నెల్ల పని" అన్నాడు.

ఆ మాట వెనక ఉన్న సంగతి మీకు విడమరచి చెబుతాను. నాలుగు తలుపుల కారుకు ముందు తలుపుకూ వెనక తలుపుకూ మధ్యన ఒక స్తంభం ఉంటుంది. ముందు తలుపు గొళ్ళెం దాని మీదే పడుతుంది, వెనక తలుపు కీళ్ళు దానికే ఉంటాయి. పైకప్పును మోసేది, పక్కనుంచి గుద్దితే ఆపేది కూడా అదే. రెండు తలుపుల కారు కావాలంటే దాన్ని కోసి వెనక్కి జరపాలి. ముందు తలుపును పొడిగించాలి. మిగిలిన వెనక తలుపును రేకుతో మూసి అతకాలి.

అంబాసిడర్, ఫియట్ లాంటి కార్లకు విడిగా చాసిస్ లేదు. నేల, గుమ్మం కింది పెట్టె, స్తంభాలు, పైకప్పు అన్నీ కలిసే బలం. అగ్గిపెట్టె పైడొప్ప లాంటిది. ఒక పక్క కోశారా, మొత్తం ఒరుగుతుంది. కోయడానికి ముందే లోపల అడ్డంగా, ఐమూలగా ఇనుప పైపులు వెల్డింగు చేసి, తలుపు ఖాళీల ఐమూల కొలతలు రాసి పెట్టుకోకపోతే, సాయంత్రానికి ఆ కారుకు ఏ తలుపూ పట్టదు. హెరాల్డ్ అలా కాదు. దానికి విడిగా చాసిస్ ఉంది, బాడీ భాగాలుగా దాని మీద బోల్టులతో బిగించి ఉంటుంది. మన బస్సుకు చుట్టం అన్నమాట. అందుకే మేస్త్రి "కాదు" అనలేదు, "ఆర్నెల్లు" అన్నాడు.

రెండోది తలుపు బరువు. రెండున్నర అడుగుల తలుపు 20 కిలోలు ఉందనుకోండి. దాన్ని అదే లెక్కన నాలుగడుగులు చేస్తే 32 కిలోలు. బరువు ఒక్కటే కాదు, అది కీలుకు ఎంత దూరాన వేలాడుతోందన్నదీ లెక్కే. తలుపు మధ్యకు కొలిస్తే మొదటిది 20 ఇంటూ ఒకటింబావు, అంటే 25. రెండోది 32 ఇంటూ రెండు, అంటే 64. కీలు మీద లాగుడు రెండున్నర రెట్లు. పాత కీళ్ళకే పొడుగు తలుపు తగిలిస్తే ఏడాది తిరక్కుండా అది కిందికి జారుతుంది, ఎత్తిపట్టి వెయ్యాలి. మన ఇళ్ళల్లో పాత బీరువా తలుపు చూడండి, అర్థమవుతుంది.

ఇవన్నీ నేను మనవడికి చెప్పాను. విన్నాడు. "చేయలేమని కాదుగా, జాగ్రత్తగా చేయాలనేగా" అన్నాడు. అదీ న్యాయమే. అప్పుడు నేను ఒక మాట అన్నాను. "ఒరేయ్ నాన్నా, కోయకముందే ఒక ఆదివారం రెండు తలుపుల కారులో తిరిగి చూద్దాం."

మేస్త్రి వెనక తలుపుల లోపలి హ్యాండిళ్ళు రెండూ విప్పి డిక్కీలో వేశాడు. ముందు సీటు వెనక బోల్టులు తీసి, ముందుకు వంగేట్టు చేశాడు. మేడ్చల్ నుంచి శామీర్‌పేట చెరువు చూసి రావాలని బయలుదేరాం. మనవడు డ్రైవింగు. పక్క సీటు ఖాళీ. వెనక నేను, మా ఆవిడ, మా వదినగారు. ఎక్కడానికే పది నిమిషాలు పట్టింది. మా ఆవిడకు మోకాలి ఆపరేషన్ అయింది. వంగితే మోకాలు ఒప్పుకోదు, వంగకపోతే పైకప్పు ఒప్పుకోదు. చెరువు దగ్గర అందరం దిగుదామంటే మా వదినగారు "నేనిక్కడే కూర్చుని చెరువు చూస్తాను, నన్ను కదిలించకండి" అన్నారు. అప్పటిదాకా నవ్వుకున్నాం.

తిరిగి వస్తుండగా ఔటర్ రింగ్ రోడ్డు ఇంకా దాటలేదు, డ్యాష్‌బోర్డు కింద నుంచి రబ్బరు కాలిన వాసన వచ్చింది. వెంటనే పొగ. పాత వైరు ఒకటి రేకుకు రాసుకుని, పైతొడుగు అరిగి, అంటుకుంది. మనవడు కారు పక్కకు తీసి, ఒక్క గెంతులో దిగాడు. మేము ముగ్గురం లోపల. నేను ముందు సీటును తోశాను. బోల్టు లేని సీటు పక్కకు ఒరిగి ఇరుక్కుంది. నా చేయి అలవాటుగా తలుపు హ్యాండిల్ కోసం వెతికింది. అక్కడ ఉత్త కన్నం ఉంది. మా ఆవిడ నా మోచేయి గట్టిగా పట్టుకుంది. ఒక్క మాట అనలేదు.

మనవడు బయటినుంచి వెనక తలుపు హ్యాండిల్ పట్టి లాగాడు. తెరుచుకుంది. ఒక్కొక్కరినీ చేయి పట్టి దించాడు. తర్వాత బ్యాటరీ తీగ పీకేశాడు, పొగ ఆగింది. కాలింది ఒక జానెడు వైరు. ఎవరికీ ఏమీ కాలేదు. వాడు మాత్రం ఆ తలుపు పట్టుకుని చాలాసేపు అలాగే నిలబడిపోయాడు. నేనూ ఏమీ అనలేదు.

మన షాపులో ప్రతి బస్సుకూ అత్యవసర ద్వారం పెట్టేవాళ్ళం. అది సరిగా తెరుచుకుంటోందా లేదా అని నేను ఎన్నిసార్లు పరీక్షించానో లెక్కలేదు. తలుపు ఎక్కడానికి మాత్రమే కాదు, దిగడానికి అని కొత్తగా చేరిన కుర్రాళ్ళకు నేనే చెప్పేవాణ్ణి. నా ఇంటివాళ్ళను ఎక్కించేటప్పుడు మరిచిపోయాను.

ఇక చట్టం సంగతి కూడా మనవి చేస్తాను. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షన్ ఉంది. రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్‌లో ఉన్న వివరాలు తయారీదారు మొదట ఇచ్చిన నమూనాకు తేడాగా ఉండేట్టు యజమాని వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ సంగతే స్పష్టం చేసింది. మన కార్లు పదిహేనేళ్ళు దాటినవి, అయిదేళ్ళకోసారి రెన్యువల్‌కు వెళ్ళాలి. మనం ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చినట్టే కారూ వెళ్ళి తాను బతికే ఉన్నానని చూపించుకోవాలి. నాలుగు తలుపులతో పుట్టిన కారు రెండు తలుపులతో వెళితే ఇనస్పెక్టరు ఊరుకోడు. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సువాళ్ళూ ఇదే పట్టుకుంటారు.

ఇంకొకటి. 2021 జులైలో కేంద్ర ప్రభుత్వం వింటేజ్ వాహనాలకు ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్ళు దాటిన కారును ఆ కోవలో నమోదు చేసుకోవచ్చు. కొత్త నమోదుకు రుసుము 20,000 రూపాయలు, పదేళ్ళు చెల్లుతుంది. అయితే రోజూ తిరగడానికి వాడకూడదు. చాసిస్, బాడీ, ఇంజను పెద్దగా మార్చకుండా అసలు రూపంలో ఉండాలన్నది ముఖ్యమైన షరతు. మా హెరాల్డ్‌కు ఆ అర్హత ఉంది. రంపం పెట్టి ఉంటే ఒక్క పూటలో పోయేది.

అసలు రూపం అంటే ఏమిటని మనవడే తర్వాత నన్ను అడిగాడు. నేను చెప్పాను: "ఇంగ్లండులో రెండు తలుపుల హెరాల్డులు ఉన్నాయి. నాలుగు తలుపుల హెరాల్డ్ వాళ్ళు చేయనేలేదు. అది మద్రాసులో, మన అమ్మమ్మల కోసం చేశారు. ఈ కారులో మనది అంటూ ఏమన్నా ఉంటే ఆ వెనక రెండు తలుపులే." వాడు ఆ ఫొటో మళ్ళీ తీయలేదు.

కారు మేస్త్రి దగ్గరే రెండు నెలలు ఉంది. కోయడానికి కాదు. వైరింగు మొత్తం మార్పించాం, ఫ్యూజులు పెట్టించాం, సీటు బోల్టులు, తలుపు హ్యాండిళ్ళు ఎక్కడివక్కడ బిగించాం. తలుపుల అడుగున తుప్పు తీయించాం. మనవడు సెలవు రోజుల్లో వెళ్ళి మేస్త్రి పక్కన కూర్చుని పని నేర్చుకున్నాడు.

మీకు నా మనవి ఇంతే. పాత కారు ఉన్నవాళ్ళు ఇంటికి వెళ్ళగానే నాలుగు తలుపులూ లోపలినుంచి తెరిచి చూడండి. తలుపు అడుగున నీళ్ళు పోయే చిన్న కన్నాలు ఉంటాయి, మట్టితో మూసుకుని ఉంటే పుల్లతో గుచ్చండి. తుప్పు అక్కడినుంచే మొదలవుతుంది. కీళ్ళకు నాలుగు చుక్కల నూనె వేయండి. డ్యాష్‌బోర్డు కింద వైర్లు ఎలక్ట్రీషియన్‌కు చూపించండి. మనవడు రంపం తెస్తానంటే కసరకండి. ముందు ఒక ఆదివారం వెనక సీట్లో మీరు కూర్చుని చూడండి, లోపలి హ్యాండిళ్ళు మాత్రం విప్పకండి.

మొన్న మళ్ళీ శామీర్‌పేట వెళ్ళాం. ఈసారి చెరువు దగ్గర మా వదినగారే అందరికన్నా ముందు దిగారు.