వంకదారియు వాడబ్రతుకును



మనది కరవుసీమ యని చిన్ననాటనుండి వినుచున్నాము. ఆ మాట నిజమే. అయినను దానివలన మనకొక మరపు కలిగినది. ఏండ్ల తరబడి ఎండియుండు వంకను జూచి, అది బయలునేల యని నమ్మితిమి. 2021 నవంబరులో చిత్రావతి పొంగినపుడు వెల్దుర్తికడ నదిలో చిక్కుకొన్న పదిమందిని వైమానికదళము హెలికాప్టరుతో రక్షింపవలసివచ్చెను. 2022 అక్టోబరులో అనంతపురమున నడిమివంక పొరలి, దాని నానుకొనియున్న కాలనీలను ముంచెను. హిందూపురము, పెనుకొండ, ధర్మవరము వాసులము ఇది పొరుగూరి కథ యని యూరకుండదగునా?

మన పెద్దలు వాననీటిని చెరువునుండి చెరువునకు నడిపించిరి. ఒక చెరువు నిండి మరవ పాఱిన నీరు వంకవెంట క్రింది చెరువునకు చేరును. ఈ గొలుసులో నొక లంకె పూడినచో నీరు ఇండ్ల నడుమనే దారి వెదకికొనును.

అట్టిచోట ఇల్లు కట్టినవాడెవడు? వేరుచోట స్థలము కొనజాలనివాడు. ధర్మవరపు నేతగాని సంగతి చూడుడు. గుంటమగ్గపు గుంట నేలలోనే యుండును. మోకాలిలోతు నీరు రానక్కరలేదు; గుంటలో ఊట యూరినను మగ్గము నిలిచిపోవును, పడుగు చెడును, కూలి పోవును, అప్పు మిగులును. కలవానికి వరద యొక రాత్రి బాధ. నేతగానికి నెలల యాకలి.

ఆక్రమణలు తొలగింపుడనుట సులభము. వంక కడుపులోనున్న ఇండ్లు కదలవలసినవే. ఈ సత్యమును దాచరాదు. కాని మగ్గమును ఊరికి ఆమడదూరమున పడవైచినచో పట్టు తెచ్చి యిచ్చువాడెవడు, చీర తీసికొనువాడెవడు? దగ్గర స్థలమును, పట్టాను చేతికిచ్చిన పిదపనే గోడ కూల్చవలెను. మిగిలిన వాడను ఉన్నచోటనే బాగుచేయవలెను. ఆ పనిలో మొదటిమాట వాడవారిది. ఏ సందున నీరు ముందు చేరునో, ఏ మోరీ ఎక్కడ పూడెనో వారికి తెలిసినట్లు ఏ యింజనీరుకును తెలియదు.

ఇది కొత్తమాట కాదు. 1908లో మూసీ వరదను చూచిన హైదరాబాదుననే 1967లో పట్టణ సముదాయాభివృద్ధి పథకము మొదలై, పేదవాడలవారిని కూర్చుకొని పనిచేసెను. కరాచీలోని ఒరంగీవాడలో 1980లో అఖ్తర్ హమీద్ ఖాన్ మొదలిడిన ప్రయత్నమువలన సందుసందువారును సొమ్ము కూర్చుకొని తమ మురుగుకాలువలను తామే వేసికొనిరి. వానిని కలుపుకొనిపోవు పెద్దకాలువ ప్రభుత్వపు బాధ్యత. ఆ పంపకమే మనకు పాఠము. సందుకాలువ వాడవారు చూచుకొనగలరు. మరవయు, వంకయు, పెద్దమోరీయు పాలకులవి. పేదవాని చందాతో పాలకులు తమ ఋణము తీర్చుకొనరాదు.

కావున వచ్చు వానలకు ముందే ప్రతివాడయు కడచిన వరద గోడలపై విడిచిన గుర్తులను కొలువవలెను. నీటిదారిని పటముగ గీయవలెను. ఇంటింటి జాబితా వ్రాయవలెను. వానిని పురపాలకుల యెదుట నుంచి, ఏ పని ఎన్నటికి ముగియునో వ్రాతమూలకముగ జవాబు కోరవలెను. పఠనమందిరములలో చదువుకొన్న మనము ఈ పనిలో వారికి లేఖకులమైన చాలును, నాయకులము కానక్కరలేదు. వంక తన దారిని మరువదు. మనము మన పొరుగువానిని మరువకుందుము గాక.