పెరిగిన సంపదలో మన వాటా ఎంత?

(ప్రసంగ పాఠం)



వృద్ధి రేటు పెరిగితే పేదరికం దానంతటదే తగ్గుతుందని మనకు తరచూ చెబుతుంటారు. అందులో కొంత నిజం ఉంది. ఉత్పత్తి పెరగకుండా అందరికీ తిండి, బట్ట, చదువు సమకూరవు. అయితే ఎంత వృద్ధికి ఎంత పేదరికం తగ్గుతుందన్నది ఆ దేశంలోని అసమానతపై ఆధారపడి ఉంటుంది.

లెక్క సులువే. ఆదాయం కొత్తగా వంద రూపాయలు పెరిగిందనుకుందాం. పంపకం పాత పద్ధతిలోనే సాగితే, పేదల వాటా 10 శాతం ఉన్నచోట వాళ్లకు పది రూపాయలు చేరతాయి. 3 శాతం ఉన్నచోట మూడు రూపాయలే. వృద్ధి రేటు మాత్రం రెండుచోట్లా ఒకటే!

బ్రెజిల్‌నే చూడండి. 1964లో అక్కడ సైన్యం అధికారం చేజిక్కించుకుంది. కార్మిక సంఘాలను అణచివేసింది. ధరలు పెరుగుతున్నా కనీస వేతనాన్ని ఆ మేరకు పెంచలేదు. 1968 నుంచి 1973 దాకా ఆర్థిక వ్యవస్థ ఏటా సుమారు 10 శాతం పెరిగింది. ప్రపంచమంతా దాన్ని అద్భుతమంది. కానీ 1980ల చివరినాటికి పైనున్న 20 శాతం మందికి మొత్తం ఆదాయంలో 60 శాతానికి పైగా అందుతుంటే, అడుగున ఉన్న 20 శాతం మందికి 3 శాతం కూడా దక్కలేదు.

దక్షిణ కొరియా దారి వేరు. 1950 నాటి భూసంస్కరణ ఒక్కో కుటుంబానికి సుమారు 3 హెక్టార్ల పరిమితి పెట్టింది. కౌలు రైతులు భూమికి సొంతదారులయ్యారు. పిల్లలు బడికి వెళ్లారు. తర్వాత వచ్చిన పారిశ్రామిక వృద్ధి పేద ఇళ్లకూ చేరింది. కానీ ఆ ఎగుమతుల బరువు మోసిన బట్టల మిల్లుల ఆడపిల్లలకు 1970లలో మగవాళ్ల వేతనంలో సగం కూడా రాలేదు. కుటుంబాల మధ్య తేడా తగ్గినంత మాత్రాన స్త్రీకి న్యాయం జరిగినట్లు కాదు. పేదరికాన్ని సాధారణంగా కుటుంబాన్ని బట్టి కొలుస్తారు. ఆ ఇంట్లో ఎవరు ఆఖర్న తిన్నారో ఆ లెక్కలో కనబడదు.

అసమానత తలరాత కాదు. 2000 తర్వాత బ్రెజిల్‌లో కనీస వేతనం పెంచారు. 2003లో మొదలైన బోల్సా ఫమీలియా పథకం డబ్బును ఎక్కువగా తల్లుల చేతికే ఇచ్చింది. వృద్ధి వెనకటంత లేకపోయినా, ఆ దశాబ్దంలో అసమానత, పేదరికం రెండూ తగ్గాయి. ఇళ్లలో పనిచేసే స్త్రీలు ఏళ్ల తరబడి చేసిన పోరాటంతో 2013లో రాజ్యాంగ సవరణ వచ్చి, పని గంటలకు పరిమితి ఏర్పడింది. అయినా బ్రెజిల్ నేటికీ తీవ్రమైన అసమానతలున్న దేశమే.

మనకూ చట్టాలున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో 1973లో భూపరిమితి చట్టం చేశారు. ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకు సమాన హక్కునిచ్చే సవరణ ఇక్కడ 1986లో, దేశమంతటికీ 2005లో వచ్చింది. మరి పట్టా ఎవరి పేరున ఉంది? కూలి రేటు ఆడవాళ్లకెంత, మగవాళ్లకెంత? వృద్ధి రేటు ఇంత అని ఎవరైనా చెప్పినప్పుడు ముందుగా ఈ ప్రశ్నలే అడుగుదాం. జవాబులు మన ఊరి నుంచే, మనమే సేకరిద్దాం.