పెళ్ల కరిగేలోగా



బల్ల మీద ఈ రెండు గ్లాసులూ ఏమిటా అనుకుంటున్నారు కదా. మనకు పాఠం చెప్పిన మాస్టారు మొదటి క్లాసులో చేసిందే నేనూ చేస్తున్నాను. ఈ ఎండు పెళ్ల ఏళ్ల తరబడి దున్నుతున్న చేలోది. ఇది అదే చేను గట్టు మీద, గడ్డి కింద తీసింది. రెండూ నీళ్లలో వేశాను. చేలోది అప్పుడే పొగలా విచ్చిపోతోంది. గట్టుది బుడగలు వదులుతూ అలాగే కూర్చుంది. గడ్డివేళ్లూ, బూజు పోగులూ, సూక్ష్మజీవుల జిగురూ దాన్ని పట్టుకుని ఉన్నాయి. అవి లేని నేల మీద వాన పడితే పైన పొర కట్టి, నీరు ఇంకక మట్టితో సహా పారిపోతుంది.

1905లో అమెరికాలో, వర్జీనియా రాష్ట్రం లూయిసా కౌంటీలో హ్యూ హమ్మండ్ బెన్నెట్ అనే కుర్ర మట్టి సర్వేయరు చూసిందీ ఇంచుమించు ఇదే. అడవిలో నేల మెత్తగా, తేమగా ఉంది. ఆనుకునే ఉన్న చేలో గట్టి బంకమన్ను. ఒకప్పుడు రెండూ ఒకటే నేల. చేలో పైమట్టి వాన వానకీ పలచగా, కంటికి ఆనకుండా జారిపోయింది. 1909లో ఆయన పనిచేసే ప్రభుత్వ విభాగమే నేల తరగని ఆస్తి అని అచ్చువేసింది! నేలకోత దేశానికే ముప్పని 1928లో బెన్నెట్ తెచ్చిన చిన్న పుస్తకం దానికి జవాబు.

1935 వసంతంలో అమెరికా నడిమి మైదానాల దుమ్ము గాలికి లేచి వాషింగ్టన్ దాకా వచ్చింది. అది దారిలో ఉందని తెలిసి, సెనేట్ కమిటీ ముందు బెన్నెట్ సాగదీసి మాట్లాడుతూ కిటికీలు చీకటయ్యేదాకా కూర్చున్నాడని ఆయన జీవితచరిత్రకారులు ఇష్టంగా చెబుతారు. ఏప్రిల్ 27న భూసంరక్షణ చట్టం వచ్చింది.

అసలు పని అంతకుముందే, 1933లో విస్కాన్సిన్‌లోని కూన్ క్రీక్ లోయలో మొదలైంది. రైతులు ప్రభుత్వంతో అయిదేళ్ల ఒప్పందం మీద సంతకం పెట్టారు. వాలుకి అడ్డంగా పట్టీలుగా పంట వెయ్యాలి, కొండవాలు అడవిలోకి ఆవుల్ని తోలకూడదు. బదులుగా విత్తనం, సున్నం, కంచె, కూలీల సాయం. నన్నడిగితే ఈ చరిత్రలో అన్నిటికంటే తెలివైన కాగితం అదే.

డబ్బు సంగతి వేరు. పంట తగ్గించినందుకు రైతులకు ఇచ్చే సొమ్ము పథకం చెల్లదని 1936 జనవరిలో సుప్రీంకోర్టు కొట్టేసింది. రెండు నెలలు తిరక్కుండా అక్కడి చట్టసభ కాంగ్రెస్ నేలను కాపాడే పంటల పేరిట మళ్లీ సొమ్ము ఇచ్చింది. పేరు మారింది, అంతే. మరుసటేడు రైతులే ఎన్నుకునే బోర్డులు నడిపే భూసంరక్షణ జిల్లాలు పుట్టాయి. మొదటిది బ్రౌన్ క్రీక్, బెన్నెట్ పుట్టిన ఆన్సన్ కౌంటీలోనే.

1970ల్లో గింజల ధర పెరిగితే కంచె నుంచి కంచెదాకా దున్నమని ఆ ప్రభుత్వమే అంది. 1985లో మళ్లీ వెనక్కి తిరిగి, కోతపడే నేలను పదీ పదిహేనేళ్లు గడ్డికి వదిలితే కౌలు చెల్లిస్తామంది. 2007కి 3.68 కోట్ల ఎకరాలు గడ్డిలో ఉన్నాయి. మొక్కజొన్న ధర ఎగిసింది, పథకంలో చేర్చే ఎకరాల పరిమితి తగ్గింది, 2016కి 2.4 కోట్లే మిగిలాయి. ముప్పై ఏళ్ల గడ్డి దున్నడానికి ఒక్క పూట చాలు.

1996లో వచ్చిన మరో పథకం మందలు మేపే రాంచర్లకూ తలుపు తెరిచింది. మందను బీడు నుంచి బీడుకి మార్చడానికి కంచెకీ నీటితొట్టెకీ అయ్యే ఖర్చులో వాటా ఇస్తారు. 2012 నుంచి ప్రభుత్వం మాట కోత ఆపడం దాటి నేల ఆరోగ్యం దాకా వచ్చింది. అక్కడి రైతులు నూలు చెడ్డీ పాతిపెట్టి రెండు నెలలకి తవ్వుతారు. నేల బతికి ఉంటే ఎలాస్టిక్ పట్టీ తప్ప ఏమీ మిగలదు. మాస్టారికి తెలిస్తే క్లాసులో వదిలేవారు కాదు.

ఇంకొక చిక్కుముడి ఉంది. అక్కడ పంటభూమిలో సగానికి పైగా కౌలుదే, చాలాచోట్ల ఏ ఏటి కౌలు ఆ ఏడే. నేలను కప్పి ఉంచే కవర్ పంట వేసి మట్టిని గుల్లబరచడానికి ఏళ్లు పడుతుంది. ఫలితం వచ్చేసరికి చేను ఎవరి చేతిలో ఉంటుందో! ఈ సంగతి నాకంటే వెనక వరసల్లో కూర్చున్న మన కౌలురైతులకే బాగా తెలుసు. ప్రశ్నల వేళ మైకు ముందు వాళ్లకే ఇవ్వమని అధ్యక్షులను కోరుతున్నాను.