న్యూట్రాన్ బాంబు: అపోహ, వాస్తవం

మనుషులు చనిపోతారు, మేడలు మాత్రం చెక్కుచెదరవు. న్యూట్రాన్ బాంబు గురించి చాలామంది విన్న మాట ఇదే. ఇందులో నిజం కొంతే.

ఇది చిన్నపాటి హైడ్రోజన్ బాంబు. మామూలు అణుబాంబు శక్తిలో ఎక్కువ భాగం పేలుడుగా, వేడిగా వెలువడుతుంది. తక్షణ రేడియేషన్ వాటా సుమారు 5 శాతమే. న్యూట్రాన్ బాంబులో ఆ వాటాను బాగా పెంచుతారు. డ్యుటీరియం, ట్రిటియం కలిసినప్పుడు పుట్టే వేగవంతమైన న్యూట్రాన్లను అడ్డుకోకుండా బయటికి వదులుతారు. అవి ట్యాంకు ఉక్కు కవచాన్ని సైతం దాటి లోపలి సైనికులను బలిగొంటాయి. అయినా ఒక్క కిలోటన్ను బాంబు పేలినా దగ్గర్లోని కట్టడాలు కూలక తప్పదు.

1958లో అమెరికా శాస్త్రవేత్త శామ్యూల్ కోహెన్ దీనికి రూపకల్పన చేశారు. ఐరోపాలో సోవియట్ ట్యాంకుల దండును నిలువరించడం లక్ష్యం. ఈ బాంబులను అక్కడ మోహరించాలన్న ఆలోచనపై ఐరోపా ప్రజలు భగ్గుమన్నారు. 1978లో అధ్యక్షుడు కార్టర్ ఉత్పత్తిని వాయిదా వేశారు. 1981లో తర్వాతి అధ్యక్షుడు రీగన్ దాన్ని మొదలుపెట్టించారు. ప్రచ్ఛన్నయుద్ధం ముగిశాక అమెరికా వీటిని తొలగించింది.

విమర్శకుల వాదన ఒకటే: నష్టం తక్కువనిపించే అణ్వాయుధాన్ని ప్రయోగించడానికి వెనకాడేవారు తగ్గుతారు. బదులుగా శత్రువు వేసేది మాత్రం చిన్నదే కావాలని లేదు.