రిజిస్టరుకు నకలు



2016 అక్టోబరు 11న మన మెదక్ జిల్లా మూడు జిల్లాలయింది. సిద్దిపేట, సంగారెడ్డి సభ్యుల వివరాలు పంపాలని మన కంప్యూటరులోని మైఎస్‌క్యూఎల్ నుండి డంపు తీశాను. డంపంటే అక్షరాల ఫైలే: ముందు పట్టికలు తయారు చేయమనే ఆదేశాలు, తరువాత ఒక్కొక్క సభ్యుని వివరం ఎక్కించమనే ఆదేశాలు. వేరే కంప్యూటరు అవి వరుసగా చదివి రిజిస్టరంతా తిరిగి రాసుకుంటుంది.

అక్కడ తెరిస్తే పి.పి.ఓ. నంబర్లున్నాయి, తెలుగు పేర్లన్నీ ప్రశ్నార్థకాలు! ఇన్ని ప్రశ్నలు నా సర్వీసులో ఏ ఆడిటరూ వేయలేదు. ఆ వారమే ఒక సభ్యుని భార్య ఫ్యామిలీ పెన్షను కాగితాలకు వచ్చి, పేరు దొరకక తిరిగి వెళ్లారు. తప్పు నాదే. రెండువైపులా యూటీఎఫ్-8 పెట్టి మళ్లీ ఎక్కిస్తేగాని పేర్లు రాలేదు.

ఇప్పుడు నెలనెలా డంపు తీసి, ఇంకో కంప్యూటరులో ఎక్కించి, పేర్లు చదివి చూస్తున్నాను. పాత రిజిస్టరు బీరువాలోనే ఉంది.