ఫోను చెప్పే వార్త – మనం అడగవలసిన ప్రశ్న
(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగం)



1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచినప్పుడు తీగలు తెగి, ఆ కబురు బయటికి వెంటనే చేరలేదు. ఇప్పుడు ఏ దేశం వార్తయినా ఫోను తెలుగులో చదివి వినిపిస్తోంది. చూపు మందగించిన మనకిది పెద్ద సాయమే. నేను రోజూ కాఫీ వేళ చాట్‌జీపీటీనో, జెమినైనో అడుగుతుంటాను.

2025 సెప్టెంబరులో అమెరికా హెచ్-1బి వీసాకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించింది. పిల్లలు అక్కడున్న గుడివాడ మిత్రుల కంగారు మీకు తెలిసిందే. ఏటా కట్టాలనే మాట కూడా పుట్టింది. నేను ఫోనును, "ఈ మాట ఎవరు, ఏ తేదీన చెప్పారు?" అని అడిగాను. అది చూపిన అమెరికా ప్రభుత్వ వివరణ తెరిచి చదివితే, రుసుము కొత్త దరఖాస్తులకే, అదీ ఒక్కసారే అని తేలింది.

అలా అడగకపోతే అది పాత వార్తనైనా తడుముకోకుండా చెప్పేస్తుంది. తేదీ లేని కాగితం మీద మన సర్వీసులో ఎవరైనా సంతకం పెట్టారా?

తుఫాను సంగతి మాత్రం దాన్ని అడగను. బందరులోనే డాప్లర్ రాడార్ ఉంది. వాతావరణ శాఖ బులెటిన్ నేరుగా చూస్తాను. నాగాయలంక, కోడూరు వైపు సభ్యులు కూడా అలాగే చూడాలని మనవి.

ఫోనులో తెలుగు పెట్టుకోవడం తెలియనివారు టీ విరామంలో నన్ను కలవండి. కళ్ళజోడు మరచిపోకండి.