కడుపునొప్పి వార్తలు: ఒక విద్యార్థిని వేసవి శిక్షణ

(పత్రికలూ స్త్రీలూ అన్న అంశంపై కార్యకర్తల శిక్షణా తరగతుల్లో చేసిన ప్రసంగ పాఠం)



పత్రికలు స్త్రీల గురించి ఏం రాస్తున్నాయో మనం చాలాసార్లు మాట్లాడుకున్నాం. ప్రకటనల్లో స్త్రీ శరీరం, సినిమా పేజీ, వంటల పేజీ - ఇవన్నీ మనకు అలవాటైన విమర్శలే. ఈరోజు వార్త తయారయ్యే చోటి నుంచి మాట్లాడాలనుకుంటున్నాను. అందుకు కారణం జర్నలిజం చదువుతున్న ఒక అమ్మాయి. వేసవి సెలవుల్లో ఆరు వారాలు ఒక దినపత్రికలో ఇంటర్న్‌గా పనిచేసి వచ్చి, తన నోటు పుస్తకం నా చేతికిచ్చింది. ఆమె అనుమతితోనే మాట్లాడుతున్నాను. ఆమె పేరు గానీ పత్రిక పేరు గానీ చెప్పను. అక్కడ జరిగింది ఎక్కడైనా జరిగేదే.

మొదటి రోజే ఆమెను మహిళల పేజీలో కూర్చోబెట్టారు. తనతోపాటు చేరిన ఇద్దరు మగపిల్లలను రిపోర్టర్ల వెంట బయటికి పంపారు. "నీకు రాత్రిళ్లు ఇబ్బంది కదమ్మా" అన్నారట. రక్షణ పేరుతో జరిగే ఈ పని విభజన మనకు కొత్త కాదు. రెండో వారంలో ఒక సబ్‌ఎడిటర్ సెలవు పెట్టడంతో ఆమెను జిల్లా డెస్కుకు మార్చారు. అప్పుడు రాత్రి ఇబ్బంది ఎవరికీ గుర్తు రాలేదు. మండలాల నుంచి కంట్రిబ్యూటర్లు పంపే చిన్న వార్తలను దిద్ది, శీర్షికలు పెట్టడం ఆమె పని.

ఆ నోటు పుస్తకంలో మూడు వార్తలు రాసిపెట్టుకుంది. మూడింటికీ ఒకటే శీర్షిక: కడుపునొప్పి భరించలేక వివాహిత ఆత్మహత్య. మండలాలు వేరు, రోజులు వేరు, వాక్యాలు మాత్రం అవే. కొంతకాలంగా కడుపునొప్పితో బాధపడుతూ, జీవితంపై విరక్తి చెంది, ఇంట్లో ఎవరూ లేని సమయంలో... చివర్లో ఎస్సై కేసు నమోదు చేసినట్టు ఒక వాక్యం. వాటి కింద ఆ అమ్మాయి రాసుకున్న ప్రశ్న ఇది: "ఈ కడుపునొప్పి వచ్చిన వాళ్లకు పెళ్లయి ఎన్నేళ్లయింది?"

నిజంగానే జబ్బుతో బాధపడి, ఆస్పత్రికి తీసుకెళ్లే దిక్కులేక ప్రాణం తీసుకునే స్త్రీలు ఉన్నారు. అదీ రాయవలసిన వార్తే. కానీ ఈ వాక్యం ఎలా పుడుతుందో చూడండి. ఇంట్లో వాళ్లు స్టేషన్లో ఒక కారణం చెబుతారు. అది ఫిర్యాదులో చేరుతుంది. కంట్రిబ్యూటర్ దాన్ని రాసుకుంటాడు. చాలామంది కంట్రిబ్యూటర్లకు జీతం ఉండదు, అచ్చయిన వార్త కొలతను బట్టే డబ్బు. మళ్లీ అదే స్టేషన్‌కు రేపు వార్త కోసం వెళ్లాలి. డెస్కులో అరగంటలో పేజీ వదలాలి. ఈ దారిలో ఎవరూ పనిగట్టుకుని అబద్ధమాడనక్కర లేదు. చనిపోయిన మనిషి తరఫున అడిగేవాళ్లు లేకపోతే చాలు, ఇంటివాళ్ల మాటే మర్నాటికి అచ్చులో నిజమైపోతుంది.

ఆ అమ్మాయి అడిగిన ప్రశ్న చట్టం అడిగే ప్రశ్నే. 498ఎ సెక్షన్ తెచ్చిన 1983 సవరణలతోనే క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ కూడా మారింది. పెళ్లయిన ఏడేళ్లలోపు స్త్రీ ఆత్మహత్య చేసుకుంటే శవపరీక్ష, మేజిస్ట్రేట్ విచారణ జరగాలని అందులో చేర్చారు. 1986లో వరకట్న మరణం ప్రత్యేక నేరమైంది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టాలు కూడా ఈ ఏడేళ్ల నియమాన్ని కొనసాగించాయి. ఇది సాధించడానికి స్త్రీలు ఏళ్ల తరబడి రోడ్ల మీద కూర్చున్నారు. అయినా వార్తలో ఆ ఒక్క సంఖ్య ఉండదు.

రెండో వార్త వచ్చిన రాత్రి ఆమె కంట్రిబ్యూటర్‌కు ఫోన్ చేసింది. "స్టేషన్లో ఇచ్చిందే రాశామమ్మా, పెళ్లి సంగతి ఎందుకిప్పుడు" అని కాస్త విసుక్కుని, చివరికి "రెండేళ్లు కూడా కాలేదు" అన్నాడు. ఆమె ఆ మాట వార్త చివర చేర్చింది. తెల్లారి చూస్తే లేదు. ఆలస్యంగా ఒక ప్రకటన వచ్చింది, వార్తను కింది నుంచి రెండు లైన్లు కోశారు. మూడో వార్తలో ఆమె తెలివిగా ఆ సంఖ్యను మొదటి వాక్యంలోనే పెట్టింది. అది అచ్చయింది. వారం తిరిగేసరికి ఆమె శిక్షణ ముగిసింది. తర్వాత ఏమైందో ఆమెకు తెలియదు.

ఇంకో పేజీలో ఆమె సొంత సంగతి ఉంది. డెస్కు పని ముగిసేసరికి రాత్రి పదకొండు దాటేది. ఆఫీసు వ్యాను జాబితాలో ఇంటర్న్‌ల పేర్లు లేవు. ఒక సీనియర్ రోజూ తన బండి మీద దింపుతానని పట్టుబట్టేవాడు, వద్దన్న మర్నాడు అందరి ముందూ ఎగతాళి చేసేవాడు. సర్టిఫికెట్ మీద సంతకం చేయవలసింది ఆయనే. "నేను ఉద్యోగిని కాదు కదా మేడమ్, ఎవరికి చెప్పను?" అంది.

ఇది తప్పుడు నమ్మకం, దీన్ని మనం పోగొట్టాలి. భన్వారీదేవిపై 1992లో జరిగిన అత్యాచారం తర్వాత స్త్రీలు చేసిన పోరాటం వల్ల 1997లో విశాఖ తీర్పు, 2013లో చట్టం వచ్చాయి. జీతం ఉన్నా లేకపోయినా, శిక్షణలో ఉన్నవాళ్లు కూడా ఆ చట్టం దృష్టిలో ఉద్యోగులే. పనిమీద వెళ్లిన చోటు, యాజమాన్యం ఇచ్చిన వాహనం కూడా పనిస్థలమే. పదిమంది పనిచేసే ప్రతి కార్యాలయంలో అంతర్గత కమిటీ ఉండాలి. అంతకంటే తక్కువమంది ఉన్నా, ఫిర్యాదు యజమాని మీదే అయినా జిల్లా స్థాయి స్థానిక కమిటీకి వెళ్లవచ్చు. సంఘటన జరిగిన మూడు నెలల్లోపు ఫిర్యాదు ఇవ్వాలి, తగిన కారణం ఉంటే కమిటీ మరో మూడు నెలలు పొడిగించవచ్చు. శిక్షణ ముగిసి కాలేజీకి తిరిగొచ్చినంత మాత్రాన ఆ హక్కు పోదు.

మనం చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. జర్నలిజం కాలేజీలతో మాట్లాడి, ఇంటర్న్‌షిప్ లేఖలోనే పనివేళలు, రాత్రి రవాణా, కమిటీ సభ్యుల ఫోన్ నంబర్లు రాయించాలి. మన జిల్లాలో స్థానిక కమిటీ ఉందో లేదో కలెక్టరు కార్యాలయంలో అడగాలి. కంట్రిబ్యూటర్లతో, డెస్కు వాళ్లతో పరిచయం పెంచుకోవాలి. 1992లో దూబగుంట స్త్రీల సారా పోరాటం ఊరూరికీ పాకడంలో పత్రికల పాత్ర మనకు తెలుసు. ఆ పేజీలు మనకు శత్రువులు కావు, వాటిలో మన ప్రశ్నలు లేకపోవడమే లోపం.

చివరిగా ఒక్క మాట. ఆ మూడో వార్త అచ్చయిన రోజు, ఆ సంఖ్య చూసి మండల కార్యాలయానికి వెళ్లి మేజిస్ట్రేట్ విచారణ జరిగిందా అని అడిగినవాళ్లు మనలో ఎవరైనా ఉన్నారా? ఇరవై ఏళ్ల అమ్మాయి ఒంటరిగా ఆ వాక్యం కోసం ఫోన్లు చేసింది. దాన్ని చదవవలసిన వాళ్లం మనం. రేపటి నుంచి జిల్లా పేజీలో కడుపునొప్పి వార్త కనబడితే, కత్తిరించి ఫైల్లో పెట్టుకోవడంతో ఆగకండి. పెళ్లయి ఎన్నేళ్లయిందో వెళ్లి కనుక్కోండి.